రద్దయిన మెగావాట్లు: చైనా లెక్క వేరు, మన లెక్క వేరు

బొగ్గు విద్యుత్ మీద వచ్చే అంతర్జాతీయ నివేదికల్లో ఒక పట్టిక తప్పకుండా ఉంటుంది. ఏ దేశంలో ఎన్ని మెగావాట్లు నడుస్తున్నాయి, ఎన్ని కడుతున్నారు, ఎన్నింటికి అనుమతులు వచ్చాయి అని వరుసగా గళ్లు. ఆ పక్కనే "రద్దు" అని ఇంకో గడి. 2015 నాటి పారిస్ వాతావరణ ఒప్పందం తర్వాత చైనాలో ఇంచుమించు 484 గిగావాట్లు, భారత్‌లో 326 గిగావాట్ల బొగ్గు ప్లాంట్ల ప్రతిపాదనలు రద్దయ్యాయని ఈ3జీ అనే వాతావరణ విధానాల అధ్యయన సంస్థ 2021 సెప్టెంబరులో లెక్క తేల్చింది. గిగావాట్ అంటే వెయ్యి మెగావాట్లు. ఈ రెండంకెలు చూడగానే చైనా మనకంటే ఎక్కువ రద్దు చేసిందని ఎవరికైనా అనిపిస్తుంది.

అదే అంకెను ఇంకో కొలతతో చూస్తే మాట తిరగబడుతుంది. 2020 చివరికి చైనాలో నడుస్తున్న బొగ్గు సామర్థ్యం దాదాపు 1,080 గిగావాట్లు. అప్పటికి మన దేశంలో ఉన్నది బొగ్గు, లిగ్నైట్ కలిపి 210 గిగావాట్లకు అటూ ఇటూ. అంటే చైనా రద్దు చేసుకున్నది తన దగ్గర ఉన్నదాంట్లో సగం కూడా కాదు, మనం రద్దు చేసుకున్నది ఉన్నదానికి ఒకటిన్నర రెట్లు. ఈ లెక్కన మనమే ముందున్నాం. అయితే ఈ రెండు కొలతలూ ఒక్క ప్రశ్నను వదిలేస్తున్నాయి. అసలు రద్దయింది ఏమిటి? సగం లేచిన చిమ్నీయా, లేక ఫైల్లో ఉన్న కాగితమా?

ముందు లెక్క ఎలా వేస్తారో చూడాలి. ప్రపంచవ్యాప్తంగా 30 మెగావాట్లు, అంతకు మించిన ప్రతి బొగ్గు యూనిట్‌నూ (ప్లాంటులో కరెంటు తీసే ఒక్కో యంత్రాన్నీ) గ్లోబల్ ఎనర్జీ మానిటర్ అనే సంస్థ వెంటాడి నమోదు చేస్తుంది. ఈ రంగంలో దాదాపు అందరూ వాడేది ఆ జాబితానే. ప్రభుత్వమో కంపెనీయో వద్దని ప్రకటిస్తే ఆ యూనిట్ రద్దు కింద పడుతుంది. ఎవరూ ఏమీ ప్రకటించకపోయినా, రెండేళ్లపాటు కదలిక లేకపోతే "పక్కన పెట్టినది" అవుతుంది, నాలుగేళ్లు దాటితే "రద్దు" అవుతుంది. అంటే రద్దు గడిలో రెండు రకాలు కలిసిపోతున్నాయి: ఒకరు ఆపితే ఆగినవి, ఎవరూ పట్టించుకోక వాటంతటవే పోయినవి. చైనా అంకెలో కళ్లకు కనపడేది మొదటి రకం. మన అంకెలో సింహభాగం రెండోది.

చైనా కథ 2014 చివర్లో మొదలవుతుంది. అప్పటిదాకా బొగ్గు ప్లాంట్లకు అనుమతి బీజింగ్ ఇచ్చేది. ఆ అధికారాన్ని కేంద్రం ప్రావిన్సులకు వదిలేసింది. 2015 మార్చికల్లా పర్యావరణ అనుమతులు కూడా వాటి చేతికే వచ్చాయి. ప్రావిన్సు అధికారులకు ప్లాంటు అంటే పెట్టుబడి, ఉద్యోగాలు, స్థానిక బొగ్గుకు గిరాకీ. కంపెనీలకూ లాభసాటిగానే ఉంది, ఎందుకంటే బొగ్గు ధర పడిపోయింది గానీ గ్రిడ్‌కు అమ్మే రేటు ఆ మేరకు తగ్గలేదు. పైగా డిమాండు తగ్గినా, నడిచే గంటలను ప్లాంట్లన్నిటికీ ఇంచుమించు సమానంగా పంచే పద్ధతి ఉండేది. కాబట్టి కొత్తగా కట్టినవాడికీ వాటా ఖాయం. ఫలితం ఏమైందంటే, 2015 మొదటి తొమ్మిది నెలల్లోనే 155 ప్రాజెక్టులకు, 123 గిగావాట్లకు, పర్యావరణ అనుమతులు వచ్చాయని గ్రీన్‌పీస్ లెక్కగట్టింది. అదే సమయంలో కరెంటు వాడకం పెరుగుదల దాదాపు ఆగిపోయింది. 2016లో చైనా థర్మల్ ప్లాంట్లు సగటున నడిచింది 4,165 గంటలు. ఏడాదికి 8,760 గంటలుంటే అందులో సగం కూడా కాదు. 1964 తర్వాత ఇంత తక్కువ ఎప్పుడూ లేదు.

బీజింగ్‌కు అప్పుడు టెన్షన్ పట్టుకుంది. 2016 మార్చిలో 13 ప్రావిన్సులను కొత్త అనుమతులు ఆపమంది, 15 ప్రావిన్సుల్లో అనుమతి వచ్చినవాటిని కూడా మొదలుపెట్టొద్దంది. ఏప్రిల్‌లో ట్రాఫిక్ సిగ్నల్ లాంటి పద్ధతి పెట్టింది: ప్రతి ప్రావిన్సుకూ ఎరుపో, నారింజో, ఆకుపచ్చో రంగు. ఎరుపు పడితే కొత్త ప్లాంటు మాటెత్తకూడదు. ఇక 2017 జనవరిలో వచ్చింది అసలు దెబ్బ. జాతీయ ఇంధన పాలనా సంస్థ 13 ప్రావిన్సులకు లేఖలు రాసి, వందకు పైగా ప్రాజెక్టులను ఆపించింది. మొత్తం 120 గిగావాట్లు. అందులో 54 గిగావాట్లు అప్పటికే పనులు నడుస్తున్నవి. ఈ పరిమాణం మన కళ్లకు కట్టాలంటే, 2025 మార్చిలో తెలంగాణ రాష్ట్రం మొత్తం కలిపి ఒక్క క్షణంలో వాడిన అత్యధిక కరెంటు 17 గిగావాట్ల పైచిలుకు. దానికి ఏడు రెట్లు ఒక్క విడత లేఖలతో ఆగిపోయింది. 2020 నాటికి బొగ్గు సామర్థ్యం 1,100 గిగావాట్లు దాటకూడదన్న ప్రణాళిక పరిమితి ఆ లేఖల వెనక ఉంది.

ప్రపంచ పత్రికలన్నీ దీన్ని పెద్ద వార్తగా రాశాయి. రాయాల్సిందే. అంత పెద్ద సంఖ్యలో, అంత దూరం వెళ్లిపోయిన ప్లాంట్లను ఒక ప్రభుత్వం ఆపడం అంతకుముందు ఎక్కడా జరగలేదు. అది సాధ్యపడటానికి కారణం యాజమాన్యం. హువానెంగ్, దాతాంగ్, హువాదియాన్ వంటి పెద్ద కంపెనీలు ప్రభుత్వానివే, అప్పులిచ్చిన బ్యాంకులూ ప్రభుత్వానివే. నష్టం ఎవరి ఖాతాలో రాయాలన్న పేచీ కోర్టుకు ఎక్కదు.

అయితే పైనుంచి వచ్చిన మాటతో ఆగినది, పైనుంచి ఇంకో మాట వస్తే మళ్లీ మొదలవుతుంది. 2018 సెప్టెంబరులో గ్లోబల్ ఎనర్జీ మానిటర్ పరిశోధకుల బృందం, అప్పుడు దాని పేరు కోల్‌స్వార్మ్, ఉపగ్రహ చిత్రాలను పక్కపక్కన పెట్టి చూసింది. ఆపేశామన్న చోట్ల పని నడుస్తూనే ఉంది. ముందు చిత్రంలో సగం కట్టి వదిలేసినట్టు కనపడిన చోట ఏడాది తర్వాతి చిత్రంలో భవనాలు పూర్తయ్యాయి, కూలింగ్ టవర్ల నుంచి ఆవిరి లేస్తోంది. చైనాలో అప్పటికి నిర్మాణంలోనో, మళ్లీ మొదలయ్యే స్థితిలోనో ఉన్నది 259 గిగావాట్లు అని ఆ బృందం తేల్చింది. అమెరికాలో ఉన్న మొత్తం బొగ్గు ప్లాంట్లతో దాదాపు సమానం. 2017 నాటి లేఖల్లో చాలావాటికి అర్థం "వద్దు" కాదు, "ఇప్పుడు కాదు" అని అప్పుడు తేలింది.

ఆ తర్వాత జరిగింది ఇంకా ముఖ్యం. 2021 శరదృతువులో బొగ్గు ధర ఆకాశానికంటింది. కరెంటు రేటు మీద మాత్రం పరిమితి ఉంది. నడిపితే నష్టం అనుకున్న ప్లాంట్లు ఉత్పత్తి తగ్గించుకున్నాయి, ఈశాన్య చైనాలో ఇళ్లకూ కోతలు పడ్డాయి. మరుసటేడు ఆగస్టులో సిచువాన్‌లో కరవు వచ్చి జలవిద్యుత్ పడిపోయింది. ప్రావిన్సుల అధికారులకు అవి మరచిపోలేని రోజులు. 2022లో ఒక్క ఏడాదిలో 106 గిగావాట్ల కొత్త బొగ్గు ప్లాంట్లకు అనుమతి ఇచ్చారు. అంటే వారానికి రెండు పెద్ద ప్లాంట్లు. 2023లో 114 గిగావాట్లు. 2024లో 94.5 గిగావాట్ల నిర్మాణం మొదలైంది, అది 2015 తర్వాత అత్యధికం. రద్దయిన 120 గిగావాట్లు ఎంత గొప్పగా వినిపించాయో, దాదాపు అంత తిరిగి రావడానికి ఏడాది చాలింది.

మన దగ్గర కథ పూర్తిగా వేరు. 2003 విద్యుత్ చట్టం థర్మల్ ఉత్పత్తికి లైసెన్సు అక్కర్లేదంది. దాంతో కరెంటుతో సంబంధం ఉన్నవాళ్లూ, లేనివాళ్లూ ప్లాంటు పెడతామని ముందుకొచ్చారు. పుణెకు చెందిన ప్రయాస్ ఎనర్జీ గ్రూప్ 2011లో ఈ ప్రతిపాదనలన్నీ కూడితే తేలిన మొత్తం 7 లక్షల మెగావాట్లు. అప్పటికి దేశంలో ఉన్న థర్మల్ సామర్థ్యానికి దాదాపు ఆరు రెట్లు. అవన్నీ దేశమంతా పరచుకున్నవి కూడా కావు. కొన్ని జిల్లాల మీదే పడ్డాయి. ఛత్తీస్‌గఢ్‌లోని జాంజ్‌గీర్-చంపా ఒకటి. మన నెల్లూరు ఒకటి. కృష్ణపట్నం ఓడరేవును చూసుకుని ఆ ఒక్క జిల్లాలోనే 20 వేల మెగావాట్లకు పైగా ప్రతిపాదనలు వచ్చాయి. ఒక తీరప్రాంత జిల్లాలో అంత బూడిద, అంత వేడినీరు ఎక్కడికి పోతాయని ఎవరూ మొత్తంగా కూడి చూడలేదు, ఎందుకంటే ప్రతి ప్లాంటుకూ పర్యావరణ నివేదిక విడిగా తయారయ్యేది.

ఆ 7 లక్షల్లో ఎక్కువ భాగం ఎందుకు పోయిందంటే, ఒక్క కారణం చెప్పలేం. దెబ్బ మీద దెబ్బ. విదేశీ బొగ్గు మీద ఆశ పెట్టుకున్నవాళ్లను ఇండోనేషియా దెబ్బ తీసింది. 2011లో ఆ దేశం ఎగుమతి బొగ్గు ధరను అంతర్జాతీయ రేటుకు ముడిపెట్టింది. కృష్ణపట్నం అల్ట్రా మెగా ప్లాంటు దానికి సరైన ఉదాహరణ: 4,000 మెగావాట్లు, యూనిట్ 2 రూపాయల 33 పైసలకే ఇస్తామని 2007లో రిలయన్స్ పవర్ గెలుచుకుంది, బొగ్గు రేటు మారగానే పనులు ఆగిపోయాయి, మళ్లీ మొదలవ్వలేదు. దేశీయ బొగ్గు మీద ఆశ పెట్టుకున్నవాళ్లను 2014 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తీర్పు దెబ్బ తీసింది. కేటాయింపులో అక్రమం ఉందని రెండు వందలకు పైగా బొగ్గు బ్లాకులను రద్దు చేసింది. బొగ్గు దొరికినవాళ్లకు కొనేవాడు దొరకలేదు. కరెంటు పంపిణీ చేసే డిస్కంలు అప్పుల్లో మునిగి కొత్త కొనుగోలు ఒప్పందాల జోలికి పోవడం మానేశాయి. 2009-10లో థర్మల్ ప్లాంట్లు తమ సామర్థ్యంలో సగటున 77.5 శాతం నడిచాయి. 2016-17కు అది 60 శాతం దిగువకు పడింది. 2017 మేలో రాజస్థాన్‌లోని భడ్లా వేలంలో సోలార్ యూనిట్ 2 రూపాయల 44 పైసలకు వచ్చింది. అదే నెలలో గుజరాత్ తనకు ప్రతిపాదించిన 4,000 మెగావాట్ల ప్లాంటు అక్కర్లేదని చెప్పేసింది.

తెలుగువాళ్లకు ఈ పతనం దూరపు వార్త కాదు. ప్రైవేటు విద్యుత్ జోరులో ముందు వరసలో నిలబడ్డవి హైదరాబాద్ కంపెనీలే. లాంకో దివాలా తీసి 2018లో లిక్విడేషన్‌కు, అంటే ఆస్తులు అమ్మి అప్పులు తీర్చే దశకు, వెళ్లింది. కేఎస్‌కే మహానది ఛత్తీస్‌గఢ్‌లో 3,600 మెగావాట్లు అనుకుని, సగం కట్టి ఆగి, చివరకు 2025లో జేఎస్‌డబ్ల్యూ చేతికి వెళ్లింది. రాయ్‌ఖేడాలోని జీఎంఆర్ ప్లాంటు 2019లో అదానీకి చేరింది. 2018 మార్చిలో పార్లమెంటు స్థాయీ సంఘం ఇలా ఇరుక్కున్న ప్రాజెక్టులు 34 ఉన్నాయని, వాటి సామర్థ్యం 40 వేల మెగావాట్లని చెప్పింది. వాటికి అప్పులిచ్చిన వాటిలో ప్రభుత్వ రంగ బ్యాంకుల వాటా పెద్దది.

అయితే కట్టి ఇరుక్కున్నవి మొత్తంలో కొంతే. 2012 నుంచి మన దేశంలో ఒక బొగ్గు ప్రాజెక్టు పూర్తయితే ఆరు పక్కన పడ్డాయనో, రద్దయ్యాయనో 2015లో వచ్చిన అంతర్జాతీయ నివేదిక ఒకటి చెప్పింది. ఆ ఆరింటిలో ఎక్కువ వాటికి పునాది తవ్వింది లేదు. వాటికోసం ఏ మంత్రీ లేఖ రాయలేదు, ఏ పత్రికా మొదటి పేజీలో వేయలేదు. నాలుగేళ్లు గడిచాయి, గడి మారింది, అంతే.

కానీ కొన్ని మాత్రం అలా నిశ్శబ్దంగా పోలేదు. శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గర బీల అని ఒక పెద్ద తడినేల ఉంది. వానాకాలంలో చెరువులా నిండుతుంది, వేసవిలోనూ చెమ్మ ఉంటుంది. చుట్టుపక్కల రైతులు దాని నీటితో పంట పండిస్తారు, మత్స్యకారులు అందులో వల వేస్తారు, పశువులు అక్కడే మేస్తాయి. సర్కారు కాగితాల్లో మాత్రం అది పనికిరాని భూమి. అక్కడ 2,640 మెగావాట్ల ప్లాంటుకు నాగార్జున కన్‌స్ట్రక్షన్‌కు 970 ఎకరాల పైన ఇచ్చారు. ఊళ్లు తిరగబడ్డాయి. కేంద్రంలో విద్యుత్ కార్యదర్శిగా పనిచేసిన ఇ.ఎ.ఎస్.శర్మ వంటివారు వాళ్ల పక్షాన నిలబడ్డారు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయారు. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్లాంటు అనుమతిని కొట్టేసింది. ఏడు నెలల తర్వాత, 2011 ఫిబ్రవరి 28న, అదే జిల్లా కాకరాపల్లిలో ఇంకో 2,640 మెగావాట్ల ప్లాంటు దగ్గర మళ్లీ కాల్పులు, మళ్లీ చావులు. సోంపేట భూమి కేటాయింపును రాష్ట్ర ప్రభుత్వం వెనక్కి తీసుకోవడానికి ఏళ్లు పట్టింది. అంతర్జాతీయ పట్టికలో ఇదంతా కలిపి "2,640, రద్దు" అని ఒక్క వరుస. గుజరాత్ వద్దనుకున్న 4,000 కూడా అలాంటి ఒక్క వరుసే. ఈ రెండు వరుసలూ ఒకటేనని ఏ కూడికా మనల్ని ఒప్పించకూడదు.

ఇప్పుడు రెండు దేశాలనూ పక్కపక్కన పెడితే తేడా ఎక్కడుందో తెలుస్తుంది. చైనాలో రద్దుకు ఒక తేదీ ఉంది, సంతకం ఉంది, జాబితా ఉంది. భారత్‌లో చాలావాటికి ఆ మూడూ లేవు. చైనా ఆపినవాటిలో ఇనుము, సిమెంటు చాలా దూరం వెళ్లిపోయింది కాబట్టి వాటిని పూర్తి చేయాలన్న ఒత్తిడి ఎప్పుడూ ఉంటుంది. భారత్‌లో పోయినవాటిలో అధికశాతం కాగితాలే కాబట్టి తిరిగి రావాలంటే భూమి, నీళ్లు, బొగ్గు, కొనేవాడు, అన్నీ మొదటినుంచి వెతుక్కోవాలి. అందుకే మెగావాట్‌కు మెగావాట్ చూస్తే మన రద్దు ఎక్కువ కాలం నిలిచింది. అది ప్రభుత్వ విధానం వల్ల వచ్చిన ఘనత అనుకోవడం పొరపాటు. మార్కెట్ విరగ్గొట్టింది కొంత, కోర్టులు కొంత, ఊళ్లు కొంత.

రెండు దేశాల రద్దులూ ఒకదానికొకటి తగిలిన చోటు కూడా ఉంది. 2010 అక్టోబరులో రిలయన్స్ పవర్ షాంఘై ఎలక్ట్రిక్‌కు 660 మెగావాట్ల యూనిట్లు 36 కావాలని ఆర్డరిచ్చింది. అప్పట్లో అది భారీ వార్త. ఆ కంపెనీ ప్రాజెక్టుల్లో సాసన్ పూర్తయింది, కృష్ణపట్నం, తిలైయా, చిత్రంగి కాలేదు. నెల్లూరు తీరంలో ఆగిన పని షాంఘై ఫ్యాక్టరీలో ఆర్డరు బుక్కును కూడా తాకిందన్నమాట.

మన బొగ్గు కూడా తిరిగి వస్తోంది, కాకపోతే వేరే దారిలో. 2024 మే 30న దేశ గరిష్ట డిమాండు 250 గిగావాట్లకు చేరింది. అంతకు ముందే, 2023 చివర్లో, 2031-32కల్లా అదనంగా 80 గిగావాట్ల థర్మల్ కావాలని కేంద్రం చెప్పింది. ఈసారి కడుతున్నది ఎక్కువగా ఎన్టీపీసీ, రాష్ట్ర జెన్‌కోలు, అదీ చాలా చోట్ల పాత ప్లాంట్ల ఆవరణల్లోనే, కొత్త ఊరి భూమి అడగకుండా. ప్రైవేటు కంపెనీలు దివాలా ప్రాజెక్టులను చౌకగా కొని మిగతా యూనిట్లు పూర్తి చేస్తున్నాయి. కోర్బా జిల్లాలో లాంకో అమర్‌కంటక్ దగ్గర ఏళ్ల తరబడి ఆగిపోయిన 660 మెగావాట్ల యూనిట్లు రెండు, 2024లో అదానీ పవర్ కొన్నాక మళ్లీ నిర్మాణంలోకి వచ్చాయి. తెలంగాణలో భద్రాద్రి ప్లాంటుకు వాడిన 270 మెగావాట్ల యంత్రాలు కూడా, వేరే రాష్ట్రంలో ఆగిపోయిన ప్రైవేటు ప్రాజెక్టు కోసం భెల్ ముందే తయారు చేసి పెట్టినవే. ఒక చోట రద్దు గడిలోకి వెళ్లిన ఇనుము ఇంకో చోట నడుస్తున్న గడిలో తేలింది.

ఇక ముందు రద్దు చేయడం రెండు దేశాల్లోనూ ఖరీదు కాబోతోంది. చైనా 2024 జనవరి నుంచి బొగ్గు ప్లాంట్లకు నడిచినా నడవకపోయినా సామర్థ్యానికి విడిగా డబ్బు కడుతోంది. కిలోవాట్‌కు ఏడాదికి 330 యువాన్లను మొత్తం స్థిర ఖర్చుగా లెక్కేసి, అందులో కొంత భాగం చెల్లిస్తున్నారు. గాలి, ఎండ తగ్గిన రోజుల్లో ఆదుకోవడానికి ప్లాంటు ఉండాలన్నది ఆ చెల్లింపు వెనక ఆలోచన, అందులో నిజం ఉంది. కానీ ఆదాయం ఖాయమైన ప్లాంటును ఏ ప్రావిన్సూ మూయదు. మన దగ్గర ఆ పని పాతికేళ్ల కొనుగోలు ఒప్పందాల్లోని స్థిర చార్జీలు చేస్తాయి. ఒక్కసారి సంతకం పడితే, ఆ ప్లాంటు కరెంటు తీసుకోకపోయినా డిస్కం కట్టాల్సిందే, అది చివరకు బిల్లులోకే వస్తుంది. సోంపేటలో అలాంటి చార్జీ ఒక్క రూపాయి కూడా ఎవరి బిల్లులోనూ పడలేదు, ఎందుకంటే అక్కడ బాయిలర్ రాకముందే ఊళ్లు అడ్డం నిలబడ్డాయి. దానికి వాళ్లు కట్టిన ధర ఏ పట్టికలోనూ ఉండదు.